బోరు నీళ్ల ఉప్పుతో వేగడం: ఏ కుళాయికి ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"మా బోరు నీళ్లు బాగా ఉప్పు. ఏ సాఫ్ట్‌నర్ (నీళ్లను మెత్తబరిచే మెషిన్) పెట్టించమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. నేను ముందు అడిగేది ఒక్కటే: మీ నీళ్ల కాఠిన్యం, అంటే హార్డ్‌నెస్, ఎంత ఉంది? పదిమందిలో తొమ్మిదిమంది టీడీఎస్ అంకె, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, చెబుతారు. అది వేరు, ఇది వేరు. ఆ తేడా తెలియకుండా వేలకు వేలు పెట్టి మెషిన్లు కొన్న ఇళ్లు చాలా చూశాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇంటి నీళ్లన్నిటికీ ఒకే వైద్యం అక్కర్లేదు. తాగే నీళ్ల అవసరం వేరు, గీజర్ అవసరం వేరు, ఫ్లష్ ట్యాంకుకైతే ఏమీ అక్కర్లేదు. అందుకే ఇక్కడ కుళాయి కుళాయికీ విడిగా రాస్తున్నాను. వరస మాత్రం మార్చకండి: కొలవడం, లైన్లు చూసుకోవడం, పేరుకున్న సున్నం తీయడం, ఆ తర్వాతే కొనడం.

1. ముందు కొలవండి

చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది. అందులో మామూలు ఉప్పు ఎంతో, కాల్షియం, మెగ్నీషియం ఎంతో దానికి తెలియదు. సబ్బు నురగ రాకపోవడానికి, గీజర్‌లో పెచ్చులు కట్టడానికి కారణం ఆ కాల్షియం, మెగ్నీషియమే.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ అంకెలు 500, 2000.

కొలవడానికి మూడు దారులున్నాయి.

*సీసా పరీక్ష.* ఒకే సైజు సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో అంతే బోరు నీళ్లు పోయండి. స్నానం సబ్బును చాకుతో గీరి రెండింటిలో చిటికెడు చొప్పున వేసి, మూత పెట్టి పదిసార్లు గట్టిగా ఊపండి. మొదటి సీసాలో నురగ మెడ దాకా లేచి నిలబడుతుంది, కింద నీళ్లు తేటగా ఉంటాయి. రెండోదాంట్లో విరిగిన పాలలాగా తెల్ల తరకలు తేలుతాయి, నురగ నిలవదు. షాంపూతోనో లిక్విడ్ సోపుతోనో చేస్తే ఈ తేడా కనిపించదు, సబ్బు బిళ్లే వాడాలి.

*చుక్కల కిట్.* అక్వేరియం షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. కొలిచిన నీళ్లలో రంగు కలిపి చుక్కలు వేస్తూ పోతే ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి మారుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కబెట్టి, కిట్ మీద రాసినదాంతో గుణించాలి. ఈ వ్యాసం చదివి ఒక్కటే కొంటానంటే ఈ కిట్ కొనండి.

*ల్యాబ్.* సాఫ్ట్‌నర్ కొనే ఆలోచన ఉంటే ఇది తప్పనిసరి. మొత్తం కాఠిన్యం, ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బొనేట్ల లెక్క), టీడీఎస్, ఐరన్, ఫ్లోరైడ్: ఈ ఐదూ అడగండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి చోట్ల ఫ్లోరైడ్ అసలు వదలకూడదు. దాని హద్దు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

శాంపిల్ తీసేటప్పుడు:
- మోటార్ పదినిమిషాలు నడిచాక బోరు పైపు దగ్గరే పట్టండి
- సీసాను అదే నీళ్లతో రెండుమూడుసార్లు కడిగి, అంచు దాకా నింపండి
- మున్సిపల్ నీళ్లు కూడా కలిసే ఇల్లయితే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇంకో శాంపిల్ తీయండి
- ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి. అదే బోరులో అంకెలు మారిపోతాయి

అంకె చేతికొచ్చాక నా లెక్క ఇది. 200 లోపు ఉంటే శుభ్రం చేసుకుంటూ పోవడమే, ఏమీ కొనొద్దు. 200 నుంచి 400 మధ్య ఉంటే కింద చెప్పే వంటింటి, బట్టల పద్ధతులు చాలు. 400 దాటి, గీజర్ ఎలిమెంట్లు తరచూ కాలిపోతుంటే అప్పుడు సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించండి.

2. ఏ నీళ్లు ఎక్కడికి వెళ్తున్నాయో కాగితం మీద గీయండి

అరగంట పని. కానీ దీన్ని ఎవరూ చేయరు.

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి: కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్లు, ఇంటి బోరు నీళ్లు. నల్లా నీళ్లు మామూలుగా బోరు కంటే చాలా మెత్తన, అంటే కాఠిన్యం తక్కువ. రెండూ ఒకే సంపులో పడుతున్నాయంటే మంచి నీళ్లను చేతులారా పాడు చేసుకుంటున్నట్టే.

నల్లా కనెక్షన్‌కు విడిగా చిన్న ట్యాంకు పెట్టి, వంటింటికి ఒక పైపు లాగించండి. కుదిరితే గీజర్‌కు కూడా. చాలా ఇళ్లలో ఈ ప్లంబింగ్ ఒక్కటే సగం సమస్యను తీరుస్తుంది. అద్దె ఇంట్లో ఉండి పైపులు మార్చలేకపోతే, నల్లా వచ్చే వేళకు వంటకు, తాగడానికి డ్రమ్ములో పట్టుకోవడమే దారి.

కాగితం మీద ఒక్కో కుళాయి పక్కన ఇలా రాసుకోండి:
- వంటిల్లు: మెత్తని నీళ్లు కావాలి, కానీ సాఫ్ట్‌నర్ నీళ్లు వద్దు (ఎందుకో 7లో చెబుతాను)
- గీజర్, షవర్, వాషింగ్ మెషిన్: మెత్తని నీళ్లు ఉంటే మేలు
- ఫ్లష్, వాకిలి, కారు మొదటి కడుగు: బోరు చాలు
- మొక్కలు: బోరు లేదా వాన నీళ్లు. సాఫ్ట్‌నర్ నీళ్లు పోయొద్దు, వాటిలోని సోడియం మట్టిని పాడు చేస్తుంది

3. పేరుకున్న సున్నం తీయడం

తెల్ల పొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తెల్ల వెనిగర్ ఈ రెండూ ఇంటికి చాలు. బాత్రూం యాసిడ్ వాడితే పొర త్వరగా పోతుంది, దాంతోపాటు ట్యాపు మీద మెరుగూ పోతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు.

ఒకటి: ఏ పులుపునూ బ్లీచింగ్‌తో కలపకండి. ఒకదాని తర్వాత ఒకటి కూడా వెంటనే వాడకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

రెండు: తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు, మార్బుల్ ఇవన్నీ సున్నపురాయి జాతివే. మీరు తీయాలనుకున్న పొర, కింద ఉన్న బండ రెండూ ఒకే పదార్థం. మా బాత్రూం గడప దగ్గర తాండూరు బండ మీద నీళ్ల మరకలు పోవాలని నేనే వెనిగర్ పోసి పావుగంట వదిలాను. మరకలు పోయాయి, నునుపు కూడా పోయింది. చేత్తో తడిమితే ఇప్పటికీ ఆ జాగా గరుకుగా తగులుతుంది. ఈ బండల మీద సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్, ఆపైన పొడి బట్ట, అంతే.

*ట్యాపు మూతి జాలీ.* నీళ్లు పక్కలకు చిమ్ముతున్నాయంటే జాలీ పూడుకుపోయింది. మూతికి గుడ్డ చుట్టి తిప్పితే ఊడొస్తుంది. గ్లాసు వెనిగర్‌లో ఒక గంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది బిగించండి.

*షవర్.* ఊడదీయడం కుదరకపోతే ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి, షవర్ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. అరగంట, మరీ మొండిదైతే గంట. రాత్రంతా వదలొద్దు, పూత దెబ్బతింటుంది.

*కెటిల్.* లీటరు నీళ్లకు చెంచాడు నిమ్మ ఉప్పు వేసి మరిగించి, ఇరవై నిమిషాలు వదిలి పారబోయండి. తర్వాత మంచి నీళ్లతో రెండుసార్లు కాచి పారబోశాకే టీ పెట్టుకోండి.

*టైల్స్, గాజు తలుపు.* గోరువెచ్చని నీళ్లు అరలీటరుకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి స్ప్రే చేసి, పదినిమిషాల తర్వాత రుద్ది కడగండి. అసలు మందు మాత్రం స్నానం అయ్యాక వైపర్‌తో ఒకసారి లాగేయడం. ఆరే నీళ్లే మరకలవుతాయి. ఆరకముందే తుడిస్తే మరక పడదు.

*గీజర్.* దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా గీజర్ మూడో చలికాలంలో నీళ్లు కాగడానికి ముప్పావుగంట తీసుకునేది, లోపల కుండలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు. మెకానిక్ ఎలిమెంట్ బయటికి లాగితే అది మొక్కజొన్న కంకి అంత లావయింది. నేల మీద మెల్లగా తట్టాడు. బూడిద రంగు పెచ్చులు ఊడి పడ్డాయి, ట్యాంకు అడుగు నుంచి ఇంకో మగ్గుడు తోడాడు. ఆ పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. ఎలిమెంట్ లోలోపలే కాగి కాగి చివరికి కాలిపోతుంది. కరెంటు బిల్లు దానికి తోడు.

గీజర్ శుభ్రం చేయించే వరస:
- ఎంసీబీ కట్టేయండి, ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు
- లోపలి నీళ్లు పూర్తిగా చల్లారనివ్వండి
- చల్లనీళ్ల వాల్వు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేయాలి
- ఎలిమెంట్ తీసి, నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లలో నానబెట్టాలి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో చెక్కనివ్వొద్దు
- యానోడ్ రాడ్ చూపించమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అది. పెన్సిల్ సన్నానికి వచ్చిందంటే మార్చాలి
- రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయించండి
- వేడినీళ్ల ట్యాపు తెరిచి, నీళ్లు ధారగా వచ్చాకే కరెంటు ఇవ్వండి. ఖాళీ ట్యాంకులో ఆన్ చేస్తే కొత్త ఎలిమెంట్ కూడా నిమిషాల్లో పోతుంది

ఎలిమెంట్ పని మీరే చేయొద్దు, కరెంటు తెలిసిన మనిషితో చేయించండి. మీరు చేయాల్సింది థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల దగ్గర పెట్టడం. 60 దాటిన కొద్దీ సున్నం వేగంగా కడుతుంది. మరిగే నీళ్లు పట్టి బకెట్లో చల్లనీళ్లు కలుపుకునే అలవాటు మానండి.

సోలార్ హీటర్ పెట్టించేవాళ్లు బోరు నీళ్లు నేరుగా ట్యూబుల్లోకి పోని రకం, అంటే హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్నది అడగండి. ట్యూబుల్లో కట్టిన సున్నం తీయడం నరకం.

4. వంటిల్లు

కందిపప్పు ఎంతసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటోందా? పప్పును తప్పు పట్టకండి. నీళ్లలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. పప్పును నానబెట్టే నీళ్లు, ఉడికించే నీళ్లు రెండూ నల్లావో ఆర్‌ఓవో వాడండి. అవి లేకపోతే చిటికెడు వంట సోడా వేయండి. ఎక్కువైతే రుచి చెడుతుంది.

ఆర్‌ఓ కావాలా? నల్లా నీళ్ల టీడీఎస్ 500 లోపు ఉండి, వంటింటికి విడి లైను ఉంటే అక్కర్లేదు. సూక్ష్మజీవుల కోసం యూవీ ఫిల్టరో, కాచి చల్లార్చడమో చాలు. బోరు నీళ్లే తాగాల్సి వస్తే మాత్రం ఆర్‌ఓ పెట్టించండి. నీళ్లు ఎంత కఠినంగా ఉంటే మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) అంత త్వరగా పూడుతుంది కాబట్టి, దాని వేస్ట్ పైపు ధారను గమనిస్తూ ఉండండి.

ఆ వేస్ట్ నీళ్లు పారబోయకండి. ఫ్లష్‌కు, మాప్ తడపడానికి వాడొచ్చు. గాజు తుడవడానికి, గిన్నెల చివరి కడుగుకి వద్దు. అవి బోరు నీళ్ల కంటే చిక్కన.

మరిగిస్తే కాఠిన్యం పోతుందా అంటే, కొంతే. బైకార్బొనేట్ల వల్ల వచ్చేది పోతుంది, సల్ఫేట్, క్లోరైడ్ల వల్ల వచ్చేది పోదు. ల్యాబ్ రిపోర్టులో ఆల్కలినిటీ అంకె కాఠిన్యం అంకెకు దగ్గరగా ఉంటే మరిగించడం బాగా పనిచేస్తుంది. ఐదు పది నిమిషాలు కాచి, చల్లార్చి, అడుగున తెల్ల పొడి దిగాక పై నీళ్లు వంచుకోండి. ఆ పొడి హాని చేసేదేమీ కాదు, కంగారు పడొద్దు.

5. బట్టలు

చాలామంది నురగ రాలేదని పౌడర్ ఇంకో గుప్పెడు వేస్తారు. ఆ పౌడరంతా ముందు కాల్షియంతో కొట్లాడటానికే ఖర్చవుతుంది. తెల్ల చొక్కా పసుపు తిరగడానికి, తువ్వాలు అట్టలా బిరుసెక్కడానికి ఇదే కారణం.

చేత్తో ఉతికేవాళ్లకు ఈ వరస:
- బకెట్ నీళ్లలో ముందు ఒకటి రెండు చెంచాల చాకలి సోడా వేసి కలపండి
- పదినిమిషాలు ఆగండి. నీళ్లు తెల్లగా మబ్బేసి, తర్వాత తేరుకుంటాయి
- పైన ఉన్న తేట నీళ్లు వేరే బకెట్లోకి వంచుకోండి
- ఇప్పుడు పౌడర్, ఆ తర్వాత బట్టలు

సోడా, పౌడర్, బట్టలు ఒకేసారి వేస్తే ఆ తెల్ల పొడి బట్టల మీదే దిగుతుంది. పట్టుకు, ఉన్నికి చాకలి సోడా వాడొద్దు, పోగు దెబ్బతింటుంది. చేతికి మంటగా ఉంటే గ్లౌజులు వేసుకోండి.

మెషిన్‌లో లిక్విడ్ డిటర్జెంట్ మేలు, పౌడర్ గడ్డకట్టి డ్రాయరులో ఉండిపోతుంది. తువ్వాళ్లకు చివరి జాడింపులో అరకప్పు వెనిగర్ పోయండి. రెండు నెలలకొకసారి బట్టలు వేయకుండా సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో 60 డిగ్రీల వేడి నీళ్ల వాష్ నడపండి. అంతకంటే తరచుగా వద్దు, రబ్బరు పాడవుతుంది. నీళ్లొచ్చే పైపు చివర ఉన్న చిన్న జాలీ తీసి కడగడం మర్చిపోకండి. "మెషిన్‌లోకి నీళ్లు రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే.

ట్యాపుకు తగిలించే పూసల ఫిల్టర్లు కాల్షియాన్ని తీయవు. ఆ పూసల్లోని పాలీఫాస్ఫేట్ దాన్ని గడ్డకట్టకుండా ఆపుతుందంతే. మెషిన్ వరకు ఉపయోగమే. పూసలు కరిగిపోయాక మళ్లీ నింపాలి.

6. ఒళ్లు, జుట్టు

సబ్బు బిళ్ల కాల్షియంతో కలిసి జిడ్డు తరకలా మారి ఒంటి మీద, జుట్టులో ఉండిపోతుంది. బాడీ వాష్, షాంపూలతో ఈ బాధ తక్కువ. కుంకుడుకాయ రసం కూడా అంతే, దాని నురగ కాల్షియంతో విరగదు. మా ఇంట్లో ఆదివారం తలస్నానం ఇప్పటికీ కుంకుళ్లతోనే.

తలస్నానం చివర ఒక చెంబుడు నల్లా లేదా ఆర్‌ఓ నీళ్లు పోసుకోండి. ఆ ఒక్క చెంబుతో జుట్టు బిరుసు తగ్గడం వారంలోనే తెలుస్తుంది.

7. సాఫ్ట్‌నర్: లెక్క కట్టి కొనండి

సాఫ్ట్‌నర్‌లో రెజిన్ అనే సన్న పూసలుంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండిపోతే ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. అందుకే సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ తగ్గదు. "మెషిన్ పనిచేయట్లేదు, మీటర్ అంకె అలాగే ఉంది" అని టెన్షన్ పడకండి. చుక్కల కిట్‌తో చూడండి.

సైజు లెక్క ఇలా. నలుగురున్న ఇంట్లో స్నానాలకు, మెషిన్‌కు రోజుకు 400 లీటర్లు అనుకుందాం. కాఠిన్యం 600. అంటే రోజుకు 400 × 600 = 2,40,000 మిల్లీగ్రాములు, 240 గ్రాములు. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాములు పట్టుకుంటుంది. 25 లీటర్ల రెజిన్ అయితే 1250 గ్రాములు, అంటే ఐదు రోజులు. నాలుగో రోజే ఉప్పు పెట్టేలా అనుకోండి. ఒక్కోసారి దాదాపు 3 కిలోల ఉప్పు పడుతుంది. నెలకు ఎన్ని కిలోలు మోయాలో ఇప్పుడే లెక్కేసుకోండి. చాలా ఇళ్లలో మెషిన్ మూలన పడేది ఉప్పు మోయలేకే.

అమ్మేవాళ్లను అడగాల్సినవి:
- లోపల రెజిన్ ఎన్ని లీటర్లు? (ట్యాంకు సైజు చెబితే ఒప్పుకోకండి)
- నా కాఠిన్యానికి ఒక్కో ఛార్జ్‌కు, అంటే ఒకసారి ఉప్పు పెట్టాక, ఎన్ని లీటర్ల మెత్తని నీళ్లు వస్తాయి?
- ముందు మట్టిని ఆపే ఫిల్టర్ ఉందా? ఐరన్ ఉంటే దానికేం చేస్తారు? ఐరన్ రెజిన్‌ను పాడు చేస్తుంది
- బైపాస్ వాల్వు (నీళ్లను సాఫ్ట్‌నర్‌లోకి పోకుండా పక్కనుంచి పంపేది) ఇస్తారా?
- బిగించాక నా ముందే కాఠిన్యం కొలిచి చూపిస్తారా?

చేత్తో నడిపే రకమైతే ఉప్పు పెట్టే వరస ఇది. ముందు నీళ్లను కింద నుంచి పైకి తిప్పి, తేటగా వచ్చేదాకా పదినిమిషాలు కడగండి. 3 కిలోల కల్లుప్పు, మట్టి లేనిది, 30 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించండి. దాన్ని అరగంట పాటు నెమ్మదిగా లాగనివ్వండి. తొందరపడితే ఉప్పు ఖర్చే తప్ప రెజిన్ సగమే తేరుకుంటుంది. ఆ తర్వాత బయటికొచ్చే నీళ్లు నాలుక మీద ఉప్పగా తగలనంత వరకు కడిగి, కిట్‌తో చూసి లైనుకు వదలండి.

ఈ నీళ్లు తాగడానికి ఎందుకు వద్దంటే, 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసిన ప్రతిసారీ లీటరు నీళ్లలో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 600 ఉన్న బోరుకు అది 275 దాకా వస్తుంది. ఇంట్లో బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉంటే ఈ జాగ్రత్త తప్పనిసరి.

పైపుకు అయస్కాంతం కడితే చాలనే పరికరాలు కాల్షియాన్ని తీయవు. పెట్టక ముందు, పెట్టాక కిట్‌తో కొలిస్తే ఒకే అంకె వస్తుంది. నేనైతే వాటి మీద డబ్బు పెట్టను.

8. గోడకు అంటించుకోవాల్సిన పట్టిక

- రోజూ: బాత్రూం గాజు, టైల్స్ వైపర్‌తో లాగడం
- వారానికి: సాఫ్ట్‌నర్ నీళ్లకు చుక్కల పరీక్ష
- నెలకు: ట్యాపు జాలీలు, కెటిల్, ఉప్పు నిల్వ
- రెండు నెలలకు: షవర్, వాషింగ్ మెషిన్ వేడి వాష్, మెషిన్ పైపు జాలీ
- ఏడాదికి, చలికాలం మొదలయ్యే ముందు: గీజర్ ఎలిమెంట్, యానోడ్ రాడ్
- ఏడాదికి రెండుసార్లు: ల్యాబ్‌లోనో కిట్‌తోనో బోరు కాఠిన్యం

సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి పైపు వెంట నడిచి చూడండి. అపార్ట్‌మెంట్లలో ఆ పైపును దగ్గరగా ఉందని ఇంకుడు గుంతలోకి వదిలేస్తున్నారు. ఆ గుంత పక్కనే బోరు ఉంటుంది. ఆ పైపును డ్రైనేజీలోకి మార్పించి, ఇంకుడు గుంతకు డాబా మీద పడే వాన నీళ్లు మాత్రమే చేరేలా చూడండి.